మదాం ఒర్తాన్స్ వాటా

పోయిన గురువారం మధ్యాహ్నం ఒక అమ్మాయి మా గుమ్మం ముందు నిలబడి, గుడ్డలో మూటగట్టిన గిన్నె ఒకటి నా చేతిలో పెట్టింది. "మా అమ్మమ్మ పంపింది. చెట్టు కాసిందని చెప్పమంది" అని క్రియోల్‌లో ఒక్క ముక్క చెప్పి, లోపలికి రమ్మన్నా వినకుండా బస్సు అందుకోవడానికి పరుగెత్తింది. ముడి విప్పకముందే ఆ గిన్నె ఏదో నాకు తెలిసిపోయింది. మా అవ్వ వాళ్లమ్మ కోరింగ రేవులో ఓడ ఎక్కినప్పుడు ఒళ్లో పెట్టుకుని తెచ్చిన రాగి గిన్నె అది. లోపల కళాయి, అంచు మీద ఉలితో కొట్టిన రెండు తెలుగు అక్షరాలు. ఇప్పుడు అందులో బిలింబి పచ్చడి ఉంది. వేలెడంత పచ్చటి కాయలు, ఆవాలు, నూనె, మిరపకాయలు. వాసనకే దవడలు లాగేశాయి.

ఆ గిన్నె మా ఇల్లు వదిలి ఐదేళ్లు కావస్తోంది. తీసుకెళ్లిన వాణ్ణి నేనే. జ్ఞాపకాలు రాయడానికి తల నెరవాలని నాకు అక్షరాలు నేర్పిన తెలుగు మేష్టారి అభిప్రాయం. నాకింకా ఇరవై నాలుగే. కానీ ఆ ఏడాది మొదటి మూడు నెలల్లో భయంతో నేను ఒక ముసలివాడికి సరిపడా వయసు ఖర్చుపెట్టేశాను కాబట్టి, ఈ ఒక్కసారికి నన్ను పెద్దవాళ్ల వరుసలో కూర్చోనివ్వమని అడుగుతున్నాను.

పోర్ట్ లూయిస్‌లో మా ఇల్లు అప్పుడు రేకు గోడలది. ముందు ఇల్లు మాది, వెనక ఇల్లు మదాం ఒర్తాన్స్‌ది, మధ్యలో ఒకే పెరడు, ఒకే కుళాయి, ఒక బిలింబి చెట్టు. మాది తెలుగు గడ్డ నుంచి చెరకు తోటల పనికి వచ్చిన ముస్లిం కుటుంబం. మసీదులో అరబ్బీ, మదర్సాలో ఉర్దూ, వీధిలో క్రియోల్, పొయ్యి దగ్గర తెలుగు. నాన్నని అబ్బా అనేవాళ్లం, ఆయన తల్లిని మాత్రం అవ్వ అనేవాళ్లం. అవ్వ తెలుగు ఓడలో వచ్చినప్పటి తెలుగు, మధ్యలో ఎవరూ ఇస్త్రీ చేయలేదు. ఇస్త్రీ అంతా మదాం ఒర్తాన్స్ పని. ఆవిడ క్రియోల్ మనిషి, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల సంతతి, కాథలిక్కు, వితంతువు. పెద్ద ఇళ్లవాళ్ల చొక్కాలకి, పాదిరీల అంగీలకి గంజి పెట్టి బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసేది. పొద్దున్నే అవ్వ రొట్టెల పొగ, ఆవిడ గంజి ఆవిరి పెరట్లో కలిసేవి. ఇప్పటికీ ఎక్కడైనా వేడి గంజి వాసన వస్తే నాకు ఆకలేస్తుంది. డాక్టరుకి ఇంకా చెప్పలేదు.

మా అబ్బా దర్జీ. రోజుకి పది మాటలు మాట్లాడేవాడు, అందులో ఆరు కుట్టుమిషను గురించి. మాటలన్నీ నా వాటాకి వచ్చాయని అవ్వ అనేది. ఎవరైనా ఏడుస్తుంటే నవ్వించేవాణ్ణి, ఎవరైనా గంభీరంగా ఉంటే చెడగొట్టేవాణ్ణి. అందరూ దాన్ని చలాకీతనం అనుకున్నారు. నిజానికి అది భయం. అల్లాకి భయపడాలని మదర్సాలో నేర్పారు. నేను ఆ తర్వాత మరికొందరిని చేర్చుకున్నాను: కుక్కలు, తుఫానులు, లైసీ బడిలో లెక్కల మేష్టారు, గుంపుగా నడిచే మనుషులు. ఎదుటివాడు నవ్వుతున్నంతసేపు కొట్టడు అన్నది నా చిన్నప్పటి పరిశోధన.

బక్రీద్ రోజు మా పెరడు నాకు మరీ భయం. ఏడు కుటుంబాలు కలిసి ఒక ఎద్దుని ఖుర్బానీ ఇచ్చేవి, కసాయి హనీఫ్ భాయ్ వచ్చి కోసేవాడు. నేను ఆ వేళకి ఏదో అర్జెంటు పని కల్పించుకుని మాయమై, అంతా ముక్కలయ్యాక తిరిగొచ్చేవాణ్ణి. అప్పుడు అవ్వ పీట వేసుకుని కూర్చుని వాటాలు పెట్టేది. మూడో వంతు ఇంటికి, మూడో వంతు బంధువులకి, మూడో వంతు బీదలకీ ఇరుగుపొరుగుకీ. ప్రతి కుప్ప గిన్నెలో వేస్తూ పేరు పైకి చెప్పేది: ఇది ఫలానావాళ్లది, ఇది ఫలానావాళ్లది. నోటితో పేరు చెప్పాక ఆ ముక్క ఇక మనది కాదు, అది అమానతు, అప్పగించిన సొత్తు. దాన్ని ఇంట్లో వండుకుంటే అవ్వ లెక్కలో దొంగతనం కంటే హీనం. తెలుగు మేష్టారింటికి మాంసం తగలని వేరే పాత్రలో సేమ్యా, చక్కెర. మదాం ఒర్తాన్స్‌కి ఈ రాగి గిన్నె నిండా మాంసం. గిన్నె మళ్లీ ఎప్పుడూ ఖాళీగా వచ్చేది కాదు. ఖాళీ గిన్నె తిరిగివ్వడం ఇద్దరు ముసలమ్మల దృష్టిలోనూ ముఖం మీద తలుపు వేయడంతో సమానం. బిలింబి పచ్చడో, గుప్పెడు మిరపకాయలో వేసి పంపేది. చెట్టు పెరట్లో అందరిదీ అయినా, నాటింది ఆవిడే కాబట్టి పచ్చడి హక్కు ఆవిడదే.

ఆ ఏడాది రంజాన్ పండగ, దొరల కొత్త సంవత్సరం పక్కపక్కనే వచ్చాయి. ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోతున్నారని, దేశం మనదవుతోందని ఊరంతా ఒకటే మాట. మనది అంటే ఎవరిది అన్న ప్రశ్న దగ్గర ఊరు ఆగిపోయింది. నెల తిరగకుండానే నగరంలో గొడవలు మొదలయ్యాయి. మావాళ్లకీ, క్రియోల్‌వాళ్లకీ మధ్య. ఎవరు మొదలుపెట్టారో ప్రతి వీధికీ ఒక కచ్చితమైన సమాధానం ఉండేది, వీధి దాటితే అది మారిపోయేది. దుకాణాలు మూతపడ్డాయి. కర్ఫ్యూ పెట్టారు. సైనికులని ఎక్కడి నుంచో విమానాల్లో దించారు. ఎండకి ముఖాలు కమిలిపోయిన కుర్రాళ్లు, వాళ్లూ భయపడుతున్నట్టే కనిపించారు. అది నాకు ఏమాత్రం ధైర్యం ఇవ్వలేదు. తుపాకీ ఉన్నవాడే భయపడితే ఇక నేనేం చేయాలి?

ఒక రోజు సాయంత్రం అసర్ నమాజు వేళ నేను ఒక్కణ్ణే గేటు దగ్గర ఉన్నాను. కుర్రాళ్లు ఐదుగురు వచ్చారు, మావాళ్లే కానీ మా వీధివాళ్లు కాదు. చేతుల్లో కర్రలు. ఇంటింటి దగ్గరా ఆగి ఎవరుంటున్నారో అడుగుతున్నారు. మా గేటు దగ్గర ఆగారు.

"వెనక ఇంట్లో ఎవరు?"

'మా చుట్టాలు' అంటే సరిపోయేది. 'ఖాళీ' అన్నా సరిపోయేది.  భయమేస్తే నా నాలుక ఏం చేస్తుందో చెప్పాను కదా.

"అబ్బో, అది ఆయుధాల కొట్టు భాయ్" అన్నాను. "ఒక ఇస్త్రీ పెట్టె, రెండు జపమాలలు. పెట్టె కాలుస్తుంది, జపమాల మొదలైతే ఆగదు. జాగ్రత్త."

వాళ్లు నవ్వారు. ఒకడు నా భుజం కూడా తట్టాడు. నా పరిశోధన ఫలించింది, నన్ను కొట్టలేదు. మర్నాడు అదే వేళకి మదాం ఒర్తాన్స్ రేకు కప్పు మీద రాయి పడింది. తర్వాత ఇంకొకటి. మూడోది కిటికీలోంచి లోపలికి వెళ్లి గంజి కుండ పగలగొట్టింది. మనిషికి ఏమీ కాలేదు. మా అబ్బా కత్తెర పట్టుకుని పరుగెత్తుకొచ్చి పెరట్లో నిలబడ్డాడు. ఆ కత్తెరతో ఎవరిని ఎదిరిద్దామనుకున్నాడో తెలియదు కానీ, కదలకుండా నిలబడ్డాడు. నేను మంచం కింద ఉన్నాను. వివరాలన్నీ తర్వాత విన్నవే.

ఆ వారంలో ఊళ్లో జనం ఇళ్లు మార్చుకోవడం మొదలుపెట్టారు. మా పేటలోని క్రియోల్ కుటుంబం అవతలి పేటకి, అక్కడి ముస్లిం కుటుంబం ఇక్కడికి. ఒకే రోడ్డు మీద రెండు బళ్లు ఎదురెదురుగా వెళ్లేవి, రెండింటి మీదా ఒకే రకం పరుపులు, ఒకే రకం కోళ్లు, ఒకే రకం ముఖాలు. మదాం ఒర్తాన్స్ కూడా అలాగే వెళ్లింది. వెళ్లేముందు అవ్వతో, తలుపు చట్రానికి చెదలు పట్టాయని వచ్చేవాళ్లకి చెప్పమంది. ఇద్దరూ ఏడవలేదు. అవ్వ ఆవిడ ఇస్త్రీ పెట్టెని తన చేత్తో బండి మీద పెట్టింది. నేను చెట్టు చాటున నిలబడ్డాను. ఆవిడ నన్ను చూసింది.

"ఏం మో గార్సోఁ, ఏం అబ్బాయ్, గొంతు పోయిందా? రెండు రోజులుగా నీ వేళాకోళం వినపడట్లేదు" అంది.

గొంతు నిజంగానే పోయింది. నేను చేసిన పని ఎవరికీ తెలియదు. ఆ ఐదుగురు ఎవరో నాకే తెలియదు. పట్టుబడతానన్న భయం లేదు, అయినా భయం తగ్గలేదు. ఇది నాకు కొత్త. అంతవరకు నా భయాలన్నింటికీ ఒక చిరునామా ఉండేది. చివరికి ఒక జుమా తర్వాత మౌల్వీ సాబ్ చెప్పులు వెతుక్కుంటుంటే పక్కన చేరి, "ఒకడు నవ్వులాటకి నిజమే చెప్పాడనుకోండి, దానివల్ల ఇంకొకరికి హాని జరిగింది. పాపమా?" అని అడిగాను. మా స్నేహితుడి కోసం అన్నాను. ప్రపంచంలో పాపాలన్నీ స్నేహితులే చేస్తారు.

మౌల్వీ సాబ్ ఒక చెప్పు చేత్తో పట్టుకుని నన్ను చూశారు. "నిజం కూడా అమానతే బాబూ. ఎవరికి అప్పగించాడో అది చూసుకోమను మీ స్నేహితుణ్ణి. అల్లా హక్కు అయితే అల్లా క్షమిస్తాడు. మనిషి హక్కు అయితే ఆ మనిషి దగ్గరికే వెళ్లాలి. మసీదుకి కాదు." రెండో చెప్పు దొరికింది, ఆయన వెళ్లిపోయారు. ఐదు పూటలా మసీదుకి వస్తే తీరిపోతుందని లెక్క వేసుకున్న నాకు కాళ్ల కింద చాప లాగేసినట్టయింది. ఆ మనిషి అవతలి పేటలో ఉంది. అవతలి పేటకి మావాళ్లెవరూ వెళ్లట్లేదు.

బక్రీద్ వచ్చింది. ఇంకో రెండు రోజుల్లో స్వాతంత్ర్యం. అబ్బా మిషను మీద నాలుగు రంగుల జెండాలు గుట్టగా పడి ఉన్నాయి. ఎరుపు పైన రావాలా ఆకుపచ్చ పైన రావాలా అని రోజుకి రెండుసార్లు కాగితం తీసి చూసుకునేవాడు, ఆయన పది మాటల్లో రెండు అక్కడే ఖర్చయ్యేవి. ఆ ఏడు పెరట్లో గట్టిగా ఎవరూ మాట్లాడలేదు. హనీఫ్ భాయ్ పని ముగించి చేతులు కడుక్కుంటున్నాడు. అవ్వ పీట వేసుకుంది. ఇది పెద్దక్కది. ఇది మసీదు వెనక ముసలాయనది. చేయి ముప్పై ఏళ్ల అలవాటున రాగి గిన్నె మీదికి వెళ్లింది, కొవ్వు లేని మంచి ముక్కలు ఏరి వేసింది.

"ఇది మదాం ఒర్తాన్స్‌ది" అంది.

హనీఫ్ భాయ్ కుళాయి కట్టేశాడు. వెనక ఇంట్లోకి కొత్తగా వచ్చినావిడ బిడ్డని ఎత్తుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

"ఆమె వెళ్లిపోయింది కదా అవ్వా" అన్నాడు హనీఫ్ భాయ్ మెల్లగా. "ఇదిగో ఈ తల్లికి ఇవ్వు. వాళ్లూ అన్నీ వదిలేసి వచ్చినోళ్లే."

"ఈళ్ల వాటా ఈళ్లకుంది. ఇది ఆమెది. నోటితో సెప్పేసినాను."

"పొరపాటున చెప్పావమ్మా" అన్నాడు అబ్బా.

"పొరపాటున సెప్పితే మాత్రం? దేవుడు ఇనలేదా?"

హనీఫ్ భాయ్ నవ్వబోయి మానేశాడు. మౌల్వీ సాబ్‌ని అడుగుదామన్నాడు. బీదవాళ్లకి ఎవరికిచ్చినా చెల్లుతుందని ఆయన తప్పకుండా అంటారన్నాడు. అవ్వ గిన్నె మీద మూత పెట్టి గుడ్డ బిగించింది. "మౌల్వీ సాబ్‌కి పుస్తకాలు తెలుసు. ఒర్తాన్స్ నాకు తెలుసు" అంది. అబ్బా లేచి తాను వెళ్తానన్నాడు.

"నువ్వొద్దు. ఆడే ఎల్లాలి" అని నా వైపు చూసింది.

నేనెందుకు అని అడిగేలోపే గిన్నె నా చేతుల్లో పెట్టింది. 

టోపీ తీసి జేబులో పెట్టుకున్నాను. ఆ పని చేసినందుకు సిగ్గేసింది, మళ్లీ పెట్టుకోవడానికి మాత్రం సిగ్గు సరిపోలేదు. బజారు దాటేవరకు బాగానే ఉంది. వాగు మీద వంతెన దగ్గర సైనికులు. గిన్నె ఒరిగి గుడ్డకి ఎర్రగా మరక పడిందని అప్పుడు చూసుకున్నాను. గొడవల ఊళ్లో, నెత్తురోడే మూటతో, వణుకుతూ వస్తున్న కుర్రవాడు. నేనే సైనికుణ్ణి అయితే నన్ను వదిలేవాణ్ణి కాదు.

"ఏమిటది?" అన్నాడు ఒకడు ఇంగ్లీషులో.

"మాంసం సార్."

"ఎవరిది?"

నాలుక మీదికి ఒక మంచి జవాబు వచ్చింది. ఇక జన్మలో హాస్యం ఆడనని ఆ చెట్టు చాటున ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి మింగేసి, ఉన్న నిజం చెప్పాను. "మదాం ఒర్తాన్స్‌ది సార్."

ఆ కుర్రాడి ముఖం తెల్లబడింది. రెండో సైనికుడు తుపాకీ సరిచేసుకున్నాడు. మూత తీయించి, ముక్కలు చూసి, పండగ సంగతంతా రెండుసార్లు చెప్పించుకుని వదిలారు. నిజం చెప్పడం ఇంత ప్రమాదమని మదర్సాలో ఎవరూ హెచ్చరించలేదు.

వంతెన అవతల వీధులు మా వీధుల్లాగే ఉన్నాయి, అందుకే ఎక్కువ భయం వేసింది. అవే రేకులు, అవే కోళ్లు, మూసిన అవే తలుపులు. ఒక గోడ మీద నలుగురు కుర్రాళ్లు కూర్చున్నారు. నేను దాటగానే ఒకడు దిగి వెనక రావడం మొదలుపెట్టాడు. నేను ఆగితే ఆగుతున్నాడు. నాకు తెలిసిన ఖురాన్ ఆయతులన్నీ ఒకదానిలో ఒకటి కలిపేసి చదువుకుంటూ నడిచాను. చివరికి వాడే ముందుకొచ్చి దారికి అడ్డం నిలబడ్డాడు.

"ఎవరి కోసం?"

ఇంచుమించు అదే ప్రశ్న. మా గేటు దగ్గర అడిగినదానికీ, దీనికీ జవాబు ఒకే మనిషి. ఈసారి ఆ జవాబు మీద ఆధారపడింది నా ప్రాణం.

"మదాం ఒర్తాన్స్. ఇస్త్రీ చేస్తుంది. మా అవ్వ వాటా పంపింది."

వాడు మరకని చూశాడు, నా జేబులోంచి తొంగిచూస్తున్న టోపీని చూశాడు.  "మూడో సందు, నీలం తలుపు" అన్నాడు. "తొందరగా వెళ్లు. వచ్చేటప్పుడు ఈ దారిన రాకు." వాడు హాస్యం ఆడలేదు. అందుకే నేను బతికి ఉన్నాను.

నీలం తలుపు మీద ఇంతకుముందు ఆ ఇంట్లో ఉన్న మావాళ్లు రాసుకున్న బిస్మిల్లా అలాగే ఉంది. దాని కింద ఆవిడ సిలువ తగిలించింది. లోపల గంజి వాసన. మదాం ఒర్తాన్స్ నన్ను చూసి ఇస్త్రీ పెట్టె దించి, గిన్నెని చూసి కుర్చీలో కూలబడింది. మూత తీసింది. నవ్వు మొదలుపెట్టింది. భుజాలు ఎగిరేలా, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"బోన్‌ద్యే! కారెం కదరా. ఈస్టర్ వచ్చేదాకా నేను మాంసం ముట్టను."

నలభై రోజుల ఉపవాసం. నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, ఇంకో చేత్తో మాంసం పట్టుకుని, ఉపవాసంలో ఉన్న మనిషి దగ్గరికి వచ్చాను.

"పోయిన ఏడూ కారెమే" అంది. "అంతకుముందు ఏడూ. మీ పండగ ఏటా కాస్త ముందుకి జరుగుతుంటుంది కదా, జరిగి జరిగి వచ్చి మా ఉపవాసంలో కూర్చుంది. ఉప్పు రాసి, బొగ్గుల పైన కట్టి, ఈస్టర్‌కి దించుతాను. మీ అవ్వకి చెప్తే బాధపడుతుందని చెప్పలేదు." ఈస్టర్ ముందు వెనక ఇంట్లోంచి వచ్చే ఆ పొగ వాసన నాకు గుర్తుంది. అది ఇస్త్రీ బట్ట మాడిన వాసనని రెండేళ్లు జోకులు వేశాను.

ఇక ఆగితే చెప్పలేనని తెలిసి, నిలబడే చెప్పేశాను. ఐదుగురు, గేటు, నేను అన్న మాట, అక్షరం వదలకుండా. చెప్తుంటే మా గేటు దగ్గర అంత తమాషాగా ఉన్న మాట ఆవిడ గదిలో ఎంత చిన్నగా వినిపించిందో.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "విన్నాను" అంది. "మన మధ్య ఉన్నది రేకు గోడే కదా. విని, నాకూ నవ్వొచ్చింది. మర్నాడు రాయి పడింది."

ఆవిడ గిన్నె మూత మళ్లీ పెట్టింది.

"క్షమించానని అనిపించుకోవడానికి వచ్చావా?"

"అవ్వ పంపితే వచ్చాను. కానీ... అవును."

"ఇప్పుడు కాదు" అంది. కోపంగా కాదు, చొక్కా రేపు ఇస్తానన్నట్టు. "ముప్పై ఏళ్ల ఇల్లు అది. నా చెట్టు అక్కడుంది. ఇక్కడ మొక్క ఒకటి పెట్టాను, చూశావా, ఆ డబ్బాలో. అది కాసినప్పుడు గిన్నె పంపిస్తాను. ఖాళీగా పంపనని మీ అవ్వకి తెలుసు."

డబ్బాలో రెండు ఆకులున్నాయి.

వేరే దారిన ఇల్లు చేరేసరికి అవ్వ గేటు దగ్గర ఉంది. "సెప్పినావా?" అంది.

"ఏం చెప్పాలి?"

"ఏం సెప్పాలో అదే."

 రేకు గోడకి రెండు వైపులా చెవులుంటాయని అప్పటిదాకా తట్టలేదు. తలూపాను. ఆవిడ ఉపవాసంలో ఉందని, ఈస్టర్ దాకా తినదని చెప్పాను.

"నాకు తెలీదేంటి?" అంది అవ్వ లోపలికి నడుస్తూ. "పోయినేడు ఉప్పు మరీ ఎక్కువ రాసేసింది. తక్కువ రాయమని సెప్పకపోయినావా?"

రెండు రోజులకి జెండా మారింది. అబ్బా కుట్టినవి వీధి పొడుగునా ఎగిరాయి, అన్నింట్లోనూ ఎరుపు పైనే ఉంది. మా భయం మాత్రం ఇంకొన్నాళ్లు పాత జెండా కిందే ఉండిపోయింది. అవ్వ మూడేళ్లు చూసింది. ఎవరైనా గేటు తీస్తే చేతుల వైపు చూసేది, గిన్నె ఉందేమోనని. ఒక బక్రీద్‌కి ముందు కన్నుమూసింది. అప్పట్లో ఎవరి ఉపవాసం ఎప్పుడో, ఎవరు ఏ నూనె తింటారో, ఎవరి ఏ మాట విననట్టు నటించాలో ఆ ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు మాకు పార్లమెంటు ఉంది, రేకుల బదులు కాంక్రీటు గోడలున్నాయి. పక్కింటివాళ్లు ఏమంటున్నారో వినపడదు. నాలాంటివాడికి అది మంచిదే, కానీ గంజి వాసన కూడా రావట్లేదు.

గురువారం ఆ పచ్చడి ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. కళ్లమ్మట నీళ్లు కారాయి. బిలింబి అంటే అంతే, మహా పులుపు.

గిన్నె తోమి అవ్వ పీట పక్కన బోర్లించాను. నమాజు వేళల కాగితం పక్కన చర్చివాళ్ల క్యాలెండరు కూడా తెచ్చి తగిలించాను. అబ్బా దాన్ని చూసి తన పది మాటల్లో ఒకటి కూడా వాడలేదు. ఈసారి బక్రీద్ కారెం కంటే ముందే వస్తోంది, ఆవిడ తాజాగా తినొచ్చు. వాటాలు పెట్టేది ఇప్పుడు నేనే. వంతెన దగ్గర సైనికులు లేరు, గోడ మీద కుర్రాళ్లకి పెళ్లిళ్లయి ఉంటాయి. ఆ సంగతి నా కాళ్లకి ఇంకా ఎవరూ చెప్పలేదు, ఆ మలుపు తలుచుకుంటే చాలు బరువెక్కుతాయి. ఎవరితోనైనా పంపేద్దామా అని కూడా ఆలోచించాను.

నిన్న వంటింట్లో ఎవరూ లేనప్పుడు, గిన్నె చేతిలోకి తీసుకుని, ఎలా వినిపిస్తుందో చూద్దామని ఒకసారి పైకి అన్నాను. ఇది మదాం ఒర్తాన్స్‌ది.

ఇక చేసేదేం లేదు. నోటితో చెప్పేశాను.